కత్తుల పని మొదలుపెట్టేటోనికి ముందుగాల ఏ పనిముట్లు కావాలె?

తమ్మీ, దేవరకొండ కాడ ఊళ్లె ఉంటనని, చేతిల 20,000 రూపాయలు ఉన్నయని రాసినవు. దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె), గ్యాస్ కొలిమి, బెల్ట్ గ్రైండర్ (తిరిగే గరుకు పట్టీతోటి అరగదీసే మిషన్), ఈ మూడిట్ల ముందుగాల ఏది కొనాలె అని అడిగినవు. ఇంట్ల పాత లారీ కమాన్ పట్టీ ఒకటి ఉన్నది, దాంతోనే మొదటి కత్తి చేస్త అని గూడ రాసినవు. నేను నల్లగొండల లేత్ పని చేసుకుంట ఈ పనిలకు వచ్చినోణ్ణి, 14 ఏండ్లయితున్నది. సూటిగ చెప్త: ఆ మూడిట్ల ఒక్కటి గూడ ఇప్పుడు కొనకు. కమాన్ పట్టీ గూడ పక్కకు పెట్టు, దాని సంగతి ఆఖర్ల చెప్త.

కత్తి చేసుడు రెండు తీర్లు. ఒకటి, ఇనుమును కాల్చి, కొట్టి, సాగదీసుడు. మన కమ్మరోళ్లు తరతరాల నుంచి చేసే తీరు అది. రెండోది, కావల్సినంత మందమున్న పట్టీ తెచ్చి, కత్తి కానిదంత ఆకురాయితోటి, అంటె ఫైల్‌తోటి, తీసేసుడు. రెండో తీరుకు దాగలి అక్కరలేదు, సమ్మెట అక్కరలేదు. నిప్పుతోటి పని ఒక్క పదును కాడనే. పదును పెట్టుడంటె ఇక్కడ నూరుడు కాదు, ఇనుమును కాల్చి ముంచి గట్టిగ చేసుడు. నువ్వు ఒక్కనివే ఉన్నవు, పక్కన సమ్మెట వేసేటోడు లేడు, తప్పు జరిగితె ఇక్కడ తప్పు అని చెప్పేటోడు లేడు. అందుకె రెండో తీరుతోటి మొదలుపెట్టు. అంచు ఎట్లుండాలెనో చేతికి తెలిసినంక కొట్టుడు గూడ తొందరగ వస్తది.

నేను ఆ వరుస తప్పిన. ఉన్న పైసలన్ని పెట్టి పాత బెంచ్ గ్రైండర్ కొన్న, రెండు దిక్కుల రాతి చక్రాలు తిరిగేది. అప్పటికే పదునెక్కిన ముక్కను దాని మీద పెట్టి అంచు తీస్తున్న. రవ్వలు లేస్తుంటె పని బగ్గ నడుస్తున్నదనుకున్న. నా కండ్ల ముందట్నే అంచు పొంటి పసుపు గీత వచ్చింది, రెప్ప కొట్టేలోపల ఊదా అయింది, ఎన్క నీలం తిరిగింది. నీలం తిరిగిందంటె అక్కడ వేడి 300 డిగ్రీల దాకా పోయినట్టు. ఆ జాగల పదును చచ్చిపోతది, మళ్ల కాల్చి పదును పెడితె తప్ప తిరిగి రాదు. ఆ కత్తితోటి మా అమ్మ రెండు దినాలు ఉల్లిగడ్డ కోసేసరికి అంచు మొద్దువారింది. ఆకురాయి అట్ల వేడి పుట్టియ్యదు. దాంతోటి తప్పు చేసినా వెంట్రుక మందం తప్పే అయితది, ఆగి చూసుకునే టైముంటది. అదే నేను చెప్పే వరుసకు కారణం.

మొదటి ఖర్చు ఇనుము మీద పెట్టు. పేరు తెలిసిన ఇనుము. ఈ మాట మీద నేను గట్టిగ ఉంట. పాత సామాన్ల దుకాణంల దొరికిన ముక్కతోటి కత్తి చేస్తె, అది పదునెక్కకపోతె తప్పు నీ నిప్పుదా, నీ నూనెదా, ఇనుముదా, నీకు తెలవదు. ఇల్లు కట్టే టీఎంటీ కడ్డీల కార్బన్ 0.3 శాతం మించదు, దాన్ని ఎంత కాల్చినా కత్తికి కావల్సిన గట్టితనం రాదు. గిన్నెలు చేసే 304 స్టెయిన్‌లెస్ అసలే పదునెక్కదు. నీకు కావల్సింది 1084 అనే రకం, 3 మిల్లీమీటర్ల మందం పట్టీ. దాంట్ల కార్బన్ 0.8 శాతం పైన ఉంటది, కలిపిన వేరే లోహాలు తక్కువ, వేడి కొంచెం అటుఇటు అయినా మన్నిస్తది. అది దొరకకపోతె 80సీఆర్‌వీ2 అనే రకం ఇనుము తీసుకో. కత్తుల పనికని పట్టీలు కోసి ఆన్‌లైన్ల అమ్మేటోళ్లు ఉన్నరు. హైదరాబాద్ పోయే పనుంటె బాలానగర్, రాణీగంజ్ దిక్కు అడిగి చూడు, అక్కడ ఈఎన్ 31 ఎక్కువ చూపిస్తరు. బేరింగులకు వాడే ఇనుము అది, మస్తు మంచిది, కాని పదును పెట్టేటప్పుడు ఒక్క తీరు వేడిల కొన్ని నిమిషాలు నిలబెట్టాలె. బొగ్గు కొలిమిల కొత్త చేతికి అది కుదరదు. మూడో నాలుగో కత్తికి చూద్దువు.

మన తెలంగాణ మట్టిల ఈ సంగతి కొత్తది కాదు. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంల ఒకప్పుడు మూసల పెట్టి ఉక్కు తీసేటోళ్లు, దాని కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేటోళ్లు. వాళ్లు అంత దూరం నుంచి వచ్చింది సుత్తెల కోసం కాదు, ఉక్కు ముద్దల కోసం. ఉక్కు మంచిదైతె కత్తి వాళ్ల దేశంల చేసుకునేటోళ్లు.

ఇనుము ఎన్క వైస్, అంటె పట్టీని కదలకుంట బిగించి పట్టేది. 4 అంగుళాల బెంచ్ వైస్, బరువున్నది. కొత్తోళ్లంత దీన్ని చిన్నచూపు చూస్తరు. నేనైతె ఆకురాయి కంటె ముందు దీన్నే కొనమంట. పట్టీ వెంట్రుకంత కదిలినా ఆకురాయి పండ్లు ఇనుమును కొరకకుంట దాని మీద గునుస్తయి, కీచుమని సప్పుడొస్తది, నీ బలమంత వైస్‌ను ఊపుడుకే పోతది. ఇగ దాన్ని దేనికి బిగిస్తవన్నది గూడ అంతే ముఖ్యం. పాత టేబుల్‌కు బిగియ్యకు. నేను 6 అంగుళాల మందం వేప మొద్దును రెండు ఫీట్లు నేలల పాతి దాని మీద బిగించిన, ఇప్పటికీ అదే నడుస్తున్నది. ఎత్తు ఎంతంటె, నువ్వు నిలబడి పిడికిలి గదుమ కింద పెడితె నీ మోచేయి వైస్ నోటికి తాకాలె. తక్కువుంటె సాయంత్రానికి నడుము పోతది. వైస్ నోటికి రెండు అల్యూమినియం రేకు ముక్కలు మడిచి పెట్టు, లేకుంటె దాని గాట్లు నీ కత్తి మీద పడుతయి.

ఆకురాళ్లు మూడు చాలు. దుకాణంల ఫైల్ అని అడుగు: 12 అంగుళాల బల్లపరుపుది బాస్టర్డ్ కట్ (గరుకు పండ్లది), 10 అంగుళాలది సెకండ్ కట్ (దానికంటె సన్న పండ్లది), ఒకటి సగం గుండ్రంగ ఉండేది. జేకే ఫైల్స్ మన దిక్కు అన్ని హార్డ్‌వేర్ దుకాణాలల్ల దొరుకుతయి, నేను అవే వాడుత. సస్తయని పేరు లేనివి కొనకు, రెండు దినాలల్ల పండ్లు పోతయి. చెక్క పిడి లేకుంట ఆకురాయి పట్టకు. దాని తోక మొనగ ఉంటది, జారితె అరచేతిల దిగుతది. ఆకురాయి ముందుకు నూకేటప్పుడే కోస్తది. ఎన్కకు గుంజేటప్పుడు లేపాలె, అదిమి గుంజితె దాని పండ్లే అరుగుతయి. మొదలుపెట్టే ముందు చాక్‌పీసు తీసుకొని ఆకురాయి మొఖమంత రుద్దు. ఇనుప పొడి పండ్ల నడుమ ఇరుక్కోదు. ఇరుక్కుంటె ఆ ముక్క కత్తి మీద లోతు గీత గీస్తది, ఆ ఒక్క గీత పోవాలంటె గంట సేపు కాగితం రుద్దాలె. ఇత్తడి బ్రష్‌తోటి మాటిమాటికి దులుపుకుంట ఉండు.

ఇగ అసలు పని ఒకటి దగ్గర్నుంచి చూపిస్త, ఎందుకంటె పనిముట్ల అవసరం అక్కడ తెలుస్తది. వంటింటి కత్తి అనుకో: అలుగు (కోసే భాగం) 5 అంగుళాలు, వెడల్పు 30 మిల్లీమీటర్లు, మందం 3. అట్టముక్క మీద ఆకారం గీసి, కత్తిరించి, చేతుల పట్టుకొని చూడు. అమ్మకిచ్చి గూడ చూపించు, ఎందుకంటె దాంతోటి రోజూ కోసేది ఆమె. ఒప్పుకున్నంక పట్టీ మీద మార్కర్‌తోటి దింపి హాక్సాతోటి కొయ్యి, ఆకురాయితోటి గీత దాకా తీసుకరా. ఇప్పుడు అంచు వచ్చే దిక్కు 3 మిల్లీమీటర్ల చదును కనబడుతది. దాన్నంత మార్కర్‌తోటి నల్లగ చెయ్యి. ఒక 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు తీసుకో. గాజు పలక మీద కత్తిని పండబెట్టు, పక్కన బిట్టును గూడ పండబెట్టి, దాని మొనతోటి అంచు పొడుగునా ఒక గీత గీకు. బిట్టు మందం, పట్టీ మందం ఒక్కటే గనుక ఆ మొన సరిగ్గ నడుమకు వస్తది. కత్తిని తిరగేసి మళ్ల గీకు. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితె నడుమ దొరికినట్టే. కొంచెం ఎడముంటె ఇంక మంచిదే, ఆ రెండు గీతల నడుమ సందే నువ్వు వదలాల్సిన అంచు.

ఆ అంచు 0.6 మిల్లీమీటర్లు ఉండనియ్యి. పదును పెట్టకముందే దాన్ని పలుచగ చేస్తె నూనెల వంకర పోతది, పగులుతది. అంటె ఒక్కో దిక్కు 1.2 మిల్లీమీటర్లు తియ్యాలె, అది 30 మిల్లీమీటర్ల వెడల్పుల వాలుగ రావాలె. వాలు రెండు డిగ్రీల పైచిలుకు, కంటికి కనబడనంత తక్కువ. ఉత్త చేతితోటి చేస్తె ఆకురాయి ఊగి మొఖం బోర్లించిన చాటలెక్క ఉబ్బుతది. దీనికి ఒక చెక్క సాధనం చేసుకో. రెండు ఫీట్ల పలక మీద ఒక చివర కత్తిని బిగించే దిమ్మె, ఇంకో చివర ఒక కన్ను బోల్టు. ఆకురాయికి పొడుగు కడ్డీ కట్టి దాన్ని ఆ బోల్టు కన్నుల దూర్చు. కత్తి వెన్ను బోల్టు దిక్కు, అంచు నీ దిక్కు. లెక్క కష్టమేం కాదు: 30కి 1.2 దిగితె 500కి 20. వెన్ను నుంచి బోల్టు 500 మిల్లీమీటర్ల దూరం ఉంటె, బోల్టు కన్ను కత్తి మొఖం కంటె 20 మిల్లీమీటర్లు పైన ఉండాలె. ఆకురాయి అడుగుకు, కడ్డీకి నడుమ ఎంత ఎడముందో అది గూడ కలుపుకో. నేను మొదట్ల అది మరిచి రెండు కత్తులు ఖరాబ్ చేసిన. బోల్టు, కడ్డీ, రెండు క్లాంపులు కలిపి 300, 400 రూపాయలల్ల అయిపోతది. వేలకు వేలు పెట్టిన బెల్ట్ గ్రైండర్ మీద గూడ కొత్తోని చేతికి ఇంత సాఫు వాలు రాదు. ఒక దిక్కంత పూర్తి చేసి రెండో దిక్కు పోకు. పది నూకుళ్లు ఇటు, పది అటు. లేకుంటె అంచు నడుమ గీత నుంచి జరిగిపోతది.

డ్రిల్ మిషన్ ఉండాలె, మామూలు చేతి డ్రిల్ చాలు. పిడికి కావల్సిన తొర్రలు పదునుకు ముందే చేసెయ్యి, ఎన్క బిట్టు దిగదు. 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఉంటె కోసుడు తొందరగ అయితది, కాని అది లేకుంట మొదటి కత్తి అయితది. కొంటె మాత్రం దాని గార్డు ఎప్పటికీ తియ్యకు. ఆ చక్రం నిమిషానికి 11,000 సార్లు తిరుగుతది, పగిలితె ముక్క ఎటు వచ్చిందో కూడ కంటికి కనబడదు. దానికి కట్టె కోసే పండ్ల చక్రం బిగించుకొని వేళ్లు పోగొట్టుకున్నోళ్లను నేను ఎరుగుదు. తిరిగే మిషన్ కాడ చేతికి గుడ్డ గ్లౌజు వద్దు, భుజం మీద తువ్వాల వద్దు, లుంగీ వద్దు. కండ్లద్దాలు, దుమ్ముకు మంచి మాస్కు, ఈ రెండు మొదటి దినం నుంచే. పిడి అతికే అరాల్డైట్ జిగురు కలిసిన కట్టె పొడి, ఇనుప పొడి ఊపిరితిత్తులల్ల దిగితె బయటికి రావు.

ఇప్పుడు నిప్పు. ఇక్కడ్నే కత్తి అయితదా, ఉత్త ఇనుప రేకుగ మిగుల్తదా తేలేది, కాబట్టి జర నిదానంగ చదువు. గ్యాస్ కొలిమికి పైసలు పెట్టకు. నేలల ఒక మూర పొడుగు, జానెడు వెడల్పు గుంత తీసి ఎర్రమట్టితోటి మెత్తు. అడుగున ఒక ఇనుప గొట్టం, దానికి రెండు అంగుళాలకొక తొర్ర. గొట్టం జీఐది కావద్దు, దాని మీది జింకు కాలితె వచ్చే తెల్ల పొగ పీలిస్తె జ్వరమొస్తది. గొట్టం చివరకు వెంట్రుకలు ఆరబెట్టుకునే డ్రయ్యర్ పెట్టు, అదే నీ తిత్తి. బొగ్గు ఇస్త్రీ బండోళ్లను అడుగు, వాళ్లు కట్టె బొగ్గు ఎక్కడ తెస్తరో చెప్తరు. రాతి బొగ్గు వద్దు, దాంట్ల గంధకం ఉంటది, వేడి గూడ చేతిల ఉండదు. పని పొద్దు గూకినంక పెట్టుకో. మన నల్లగొండ ఎండల పట్టపగలు కొలిమి కాడ నిలబడుడే కష్టం, అది ఒకటైతె, వెలుతురుల ఎర్రదనం మోసం చేస్తది. పగటిపూట నీకు ఇంక నల్లగనే కనబడే ఇనుము అప్పటికే బగ్గ కాగి ఉంటది.

పట్కారుతోటి కత్తిని పట్టుకొని బొగ్గుల ముందుకు ఎన్కకు జరుపుకుంట కాల్చు, ఒక్క జాగల ఆపకు, మొన దిక్కు తొందరగ కాగుతది. ఒక కడ్డీ చివరకు అయస్కాంతం కట్టి పెట్టుకో. ఇనుము 770 డిగ్రీల కాడికి వచ్చేసరికి అయస్కాంతం దాన్ని అంటదు. అక్కడ్నే ముంచేస్తరు చాలమంది. తప్పు, 1084కు ఇంకొంచెం పైకి, 815 దాకా పోవాలె. దానికో ఉపాయం వంటింట్లనే ఉన్నది. చిటికెడు ఉప్పు వెన్ను మీద చల్లు. ఉప్పు కరిగేది 801 డిగ్రీల కాడ. తెల్లగ ఉన్న రవ్వలు తడి చుక్కలయి మెరిసినయంటె, ఇంకొక్క ఛాయ మాత్రం కానిచ్చి ముంచు. దానికంటె ఎక్కువ కాల్చితె ఇనుము లోపలి రవ్వ పెద్దదయితది, కత్తి పెళుసైతది. ఎన్క ఆ ఉప్పంత కడుగు, లేకుంటె తుప్పు పడుతది.

ముంచుడు నూనెల, నీళ్లల్ల కాదు. నీళ్ల పదును పెట్టే ముసలి కమ్మర్ల చేతి లెక్క వేరే, అది వాళ్లకు యాభై ఏండ్ల అలవాటు. నేను నీళ్లల్ల ముంచిన ఒక కత్తి నుంచి "టింగ్" అని సప్పుడొచ్చింది. బయటికి తీసి చూస్తె అంచు కాడికెళ్లి వెన్ను దాకా వెంట్రుకంత పగులు. ఆ సప్పుడు ఇంక నా చెవులల్ల ఉన్నది. మనకు పల్లి నూనె ఉన్నది. పాలమూరు, వనపర్తి, గద్వాల దిక్కు పల్లి పండించే నేల, గానుగల దొరికేది మూడు నాలుగు లీటర్లు తెచ్చుకో. నిలువుగ ఉండే ఇనుప డబ్బాల పొయ్యి, ప్లాస్టిక్ డబ్బా దగ్గరికే రానియ్యకు. నూనెను 50, 60 డిగ్రీలకు వేడి చెయ్యి. సల్లగ ఉంటె చిక్కగ ఉండి వేడిని తొందరగ గుంజదు. కొలిమి నుంచి నూనెకు ఒక్క సెకండ్ల పోవాలె, కాబట్టి డబ్బా కాలి కాడనే ఉండాలె. మొన ముందు, నిలువుగ దించు. దించినంక పైకి కిందికి కదుపు, పక్కలకు కదపకు, వంకర పోతది. కాల్చిన ఇంజన్ ఆయిల్ వాడమని చెప్పేటోళ్లున్నరు, దాని పొగ మంచిది కాదు, వద్దు. నూనె అంటుకుంటె నీళ్లు పొయ్యకు. డబ్బాకు సరిపడే మూత, ఒక బకెట్ ఇసుక చేతికందేటట్టు పెట్టుకొనే పని మొదలుపెట్టు.

సల్లారినంక అంచు మీద పాత ఆకురాయి పెట్టి చూడు. గాజు మీద జారినట్టు జారితె పదునెక్కింది. కొరికితె తొందరపడి మళ్ల కాల్చకు. పైన కార్బన్ పోయిన పలుచని పొర మెత్తగ ఉంటది, దాన్ని కొంచెం తీసి లోపల చూడు. ఇంకో మాట. అసలు కత్తి పెట్టకముందు అదే పట్టీల బొటనవేలంత ముక్క కోసి, దానికి ఇదే పదును పెట్టి, వైస్‌ల బిగించి, పైన గుడ్డ కప్పి, సుత్తెతోటి విరువు. విరిగిన జాగను ఎండల చూడు. బూడిద రంగుల, మైదాపిండి లెక్క నున్నగ ఉంటె నీ వేడి సరిపోయింది. ఉప్మా రవ్వ లెక్క మెరుస్తున్న పలుకులు కనబడితె ఎక్కువ కాల్చినవు. ఈ ఒక్క ముక్క నీకు చెప్పేది ఎన్ని వీడియోలు చూసినా తెలవదు.

నూనెల నుంచి వచ్చిన కత్తి గాజు లెక్క ఉంటది. బండ మీద పడితె రెండు ముక్కలు. రేపు చేద్దామని వదిలిపెట్టకు, ఆ రాత్రే దాని పెళుసు తియ్యాలె. ఇంట్ల కేకులు చేసే ఓటీజీ ఉంటె చాలు. 200 డిగ్రీల మీద రెండు గంటలు, బయటికి తీసి సల్లార్చి మళ్ల రెండు గంటలు. ఓటీజీ ముల్లు చెప్పే వేడిని నమ్మకు, లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొను. తట్టల ఇసుక పోసి దాని మీద కత్తి పెడితె వేడి ఎగుడుదిగుడు కాదు. కత్తిని ముందే కాగితంతోటి తెల్లగ రుద్ది పెడితె రంగు కనబడుతది. ఎండిన వరిగడ్డి రంగు వచ్చిందంటె సరి. ఊదా దాకా పోతె మెత్తబడ్డట్టు.

పిడి గురించి పెద్దగ చెప్పను. వడ్లాయన కాడ టేకు ముక్కలు, నల్లతుమ్మ ముక్కలు పొయ్యిలకు పోతుంటయి, అడిగి తెచ్చుకో, నీడల మంచిగ ఎండినవి. 5 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ, నిదానంగ గట్టిపడే అరాల్డైట్, రాత్రంత క్లాంపు. అచ్చంపేట, నల్లమల దిక్కు దుప్పి కొమ్ములు ఇస్తమని వచ్చేటోళ్లుంటరు, తీసుకోకు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది కొనుడు, అమ్ముడు నేరం. ఇంకో చట్టం గూడ తెలిసి ఉండాలె. 1959 ఆయుధాల చట్టం నియమాల ప్రకారం 9 అంగుళాల కంటె పొడుగు, లేకుంటె 2 అంగుళాల కంటె వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల కిందికి వస్తయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి దాంట్లకు రావు. కాబట్టి కూరగాయల కత్తి చెయ్యి, కొడవలి చెయ్యి. తల్వార్లు, బాకులు ఎవరు అడిగినా, ఎంత ఇస్తమన్నా చెయ్యకు.

రుద్దుడుకు వాటర్ పేపర్ 120, 220, 400, 600, వరుస తప్పకుంట. నూరేటందుకు రెండు మొఖాల సానరాయి ఒకటి, 1000 నంబర్ రాయి ఒకటి, పాత తోలు బెల్టు ఒకటి. మన దిక్కు కల్లు గీసేటోళ్ల కత్తి ఎప్పుడన్న చేతుల పట్టుకొని చూడు. తాటి గెలను రోజూ కాగితమంత పలుచగ చెక్కాలె, కత్తి మొద్దైతె కల్లు పారదు. ఆ అంచు వెనకాల రోజూ నూరుడున్నది. నువ్వు చేసే ఇనుము స్టెయిన్‌లెస్ కాదు, నిమ్మకాయ, చింతపండు, ఉల్లిగడ్డ తగిలితె మరకబడుతది, తడి ఉంచితె తుప్పు పడుతది. కోసినంక కడిగి తుడవాలెనని, వారానికోసారి చుక్క నూనె రాయాలెనని కత్తి ఇచ్చేటప్పుడే ఇంట్ల చెప్పు.

నేను చెప్పినవన్ని, ఓటీజీతో సహా, యాంగిల్ గ్రైండర్ లేకుంట, 15,000 అటుఇటు అయితయి. మిగిలిన పైసలు దాచిపెట్టు, రెండో పట్టీ, మూడో పట్టీ కావాలె. బెల్ట్ గ్రైండర్ పది కత్తులు చేతితోటి చేసినంక కొందువు. అప్పటికి దాని మీద ఏ చప్పుడు మంచిదో, ఏది కాదో నీకు తెలుస్తది.

కమాన్ పట్టీ సంగతి. ఇనుము మంచిదే, పారెయ్యకు. కాని అది వేళ్లంత మందం, వంపుగ ఉంటది, ఆకురాయితోటి దాన్ని 3 మిల్లీమీటర్లకు తేవాలంటె నెల పడుతది. అది కొట్టి చేసే ఇనుము. మీ ఊళ్లె గాని పక్కూళ్లె గాని కొలిమి నడుస్తుంటె ఆ పట్టీ తీసుకొని పో. ఒక కొడవలి చేసియ్యమని అడిగి, కూలి సక్కగ ఇచ్చి, ఆ దినమంత కూసొని తిత్తి కొట్టు, చూడు. ఆయన ఇనుమును ఏ రంగుల బయటికి తీస్తడో, ఏ రంగుల కొట్టుడు ఆపుతడో, అది చూడు. పోయే ముందు ఒక పని చెయ్యి. ఏండ్లకేండ్లు లారీ బరువు మోసిన పట్టీల కంటికి కనబడని పగుళ్లుంటయి, నడుమ బోల్టు తొర్ర చుట్టు ఎక్కువ. వైరు బ్రష్‌తోటి తోమి, ఆ జాగంత కిరసనాయిలు పూసి గంట ఉంచు. ఎన్క పొడి గుడ్డతోటి ఆనవాలు లేకుంట తుడిచి, పైన సుద్ద పొడి రుద్దు. పగులు ఉంటె దాంట్ల దాగిన నూనె మెల్లగ పైకి వచ్చి, తెల్ల సుద్ద మీద నల్లటి తడి గీత లేస్తది. గీత లేచిన కాడికి రెండు అంగుళాలు ఇటు, రెండు అంగుళాలు అటు కోసి పారేసి, మిగిలింది తీసుకొని పో.